ఫ్లోరసెంట్ ఓకేటీ3 యాంటీబాడీ

మనిషి టి కణాలను గుర్తించడానికి పరిశోధనశాలల్లో వాడే మోనోక్లోనల్ యాంటీబాడీ. ఎలుక ఐజీజీ2ఎ రకానికి చెందిన ఇది, టి కణం పైపొర మీది సీడీ3 సముదాయంలోని ఎప్సిలాన్ గొలుసుకు అతుక్కుంటుంది. కోలర్, మిల్‌స్టీన్ 1975లో కేంబ్రిడ్జి నుంచి ప్రకటించిన హైబ్రిడోమా పద్ధతే దీనికి ఆధారం. మూత్రపిండ మార్పిడి తర్వాత శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా ఆపే మందుగా 1986లో అమెరికాలో అనుమతి పొందింది. మనుషుల చికిత్సకు అనుమతి దక్కిన తొలి మోనోక్లోనల్ యాంటీబాడీ ఇదే.

పరిశోధనలో దీనికి ఎఫ్‌ఐటీసీ వంటి రంగును జోడిస్తారు. ఫ్లో సైటోమీటర్‌లో కణాలు ఒక్కొక్కటిగా 488 నానోమీటర్ల నీలి లేజర్ ముందునుంచి సాగిపోతాయి. యాంటీబాడీ పట్టుకున్న కణం సుమారు 520 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని వెదజల్లుతుంది. సీడీ4 టి కణాల లెక్కకూ సీడీ3 గుర్తింపు తోడు కావాలి. మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాల మీద కూడా సీడీ4 కొద్దిగా ఉంటుంది కాబట్టి, సీడీ3 గుర్తింపు లేకుంటే లెక్క తప్పే ప్రమాదముంది.

మోనోసైట్ల ఎఫ్‌సీ గ్రాహకాలు ఇలాంటి యాంటీబాడీలను తోక వైపు నుంచి పట్టుకోగలవు. అందుకే ముందుగా వాటిని అడ్డగించడం, అదే రంగు జోడించిన ఐజీజీ2ఎ నియంత్రణ నమూనాను పక్కనే నడపడం అవసరం. ఈ జాగ్రత్త లేని ఫలితాన్ని నమ్మకూడదు.

ఓకేటీ3కి మరో గుణం ఉంది: బతికున్న టి కణాన్ని ఉత్తేజపరచి విభజింపజేయగలదు. గుర్తించడం మాత్రమే లక్ష్యమైతే కణాలను చల్లగా ఉంచి రంగు వేస్తారు. ప్రయోగశాలలో టి కణాలను పెంచాలనుకుంటే ఈ గుణాన్నే వాడుకుంటారు. రంగు జోడించిన ద్రావణాన్ని వెలుతురు తగలకుండా 2–8 డిగ్రీల సెల్సియస్ వద్ద నిల్వ చేస్తారు.