మతమేదని అడిగినవారు: తెలుగు తీరంలో ఒక ప్రశ్న చరిత్ర

హిజ్రీ 1063, అనగా క్రీ.శ. 1653 ప్రాంతంలో, గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉండిన శ్రీకాకుళంలో ఒక యాత్రికుడు జబ్బుపడి కొంతకాలం నిలిచిపోయాడు. అతడు వర్తకుడు కాడు, సైనికుడూ కాడు. ఊరూరా తిరిగి, కనిపించిన ప్రతి మతస్థుని దగ్గరా కూర్చుని, “మీరు నమ్మేదేమిటి?” అని అడగటమే అతని పని. విన్నదంతా పారశీకంలో రాసిపెట్టుకున్నాడు. ఆ రాతలే ‘దబిస్తానె మజాహిబ్’ అనే గ్రంథమైనవి. మతాల పాఠశాల అని ఆ పేరుకు అర్థం.

ఈ గ్రంథం పన్నెండు అధ్యాయాలు. పారశీకులతో మొదలై హిందువులు, టిబెట్టువారు, యూదులు, క్రైస్తవులు, ముస్లింలు, అక్బరు నాటి ఇలాహీలు, తత్త్వవేత్తలు, చివరకు సూఫీలతో ముగుస్తుంది. ఇందులో గమనింపదగినది విషయ విస్తృతి కాదు, సేకరణ పద్ధతి. యూదుల గురించి రాయవలసివచ్చినప్పుడు గ్రంథకర్త యూదులను గూర్చి ఇతరులు రాసిన పుస్తకాలతో సరిపెట్టుకోలేదు. హిజ్రీ 1057లో హైదరాబాదులో సర్మద్‌ను కలిశాడు. సర్మద్ పుట్టుకతో యూదుడు, తరువాత ఇస్లాం స్వీకరించినవాడు. అతని శిష్యుడు అభయచంద్ తౌరాతులోని కొంత భాగాన్ని పారశీకంలోకి మార్చగా, సర్మద్ దానిని సరిచూశాడు. ఆ భాగాన్నే గ్రంథంలో చేర్చాడు. క్రైస్తవుల సంగతి సూరత్‌లో ఒక పాదిరీని అడిగి తెలుసుకున్నాడు. సిక్కుల విషయమై గురు హర్‌గోవింద్‌ను స్వయంగా దర్శించాడు. సిక్కులు కానివారు సిక్కులను గురించి రాసిన తొలి విపుల వృత్తాంతాలలో అది ఒకటి.

గ్రంథం చివర తన నియమం చెప్పుకున్నాడు. మతాలను గురించి రాసేవారు పక్షపాతం చూపుతారని మిత్రులు అన్నారట. అందుకని ఆయా మతస్థులు చెప్పినదే, వారి గ్రంథాలలో ఉన్నదే రాశాననీ, తన పాత్ర దుబాసీ పాత్రకు మించినది కాదనీ విన్నవించాడు. ఈ నియమం అతనితో పుట్టినది కాదు. అంతకు ఆరువందల ఏళ్ల క్రితమే, 1030 ప్రాంతంలో, అల్‌బిరూనీ సంస్కృతం నేర్చుకుని, పండితులను అడిగి, హిందువుల మాటను హిందువుల నోటనే వినిపించి, ఖండనను పక్కన పెట్టాడు. అక్బరు 1575లో ఫతేపూర్‌సిక్రీలో కట్టించిన ఇబాదత్‌ఖానాలోనూ అన్ని మతాల పండితులను అడిగారు. కాని అక్కడ పాదుషా ఎదుట జరిగినది వాదం. వాదంలో మనిషి గెలవటానికి మాట్లాడతాడు. నిమ్మళంగా తన నమ్మకం విప్పిచెప్పడు.

విచిత్రమేమంటే, ఇందరిని అడిగిన దబిస్తాన్ కర్త తన మతమేమిటో ఎక్కడా తేటగా చెప్పలేదు. తన పేరూ చెప్పలేదు. విలియం జోన్స్ కాలంలో దీనిని మొహసిన్ ఫానీ రచన అనుకున్నారు. తరువాతి పండితులు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి మీర్ జుల్ఫికార్ అర్దిస్తానీ పేరు ముందుకు తెచ్చారు. ఇంకొక లోపం కూడా ఒప్పుకోవలసి ఉన్నది. అతడు అడిగినది ఎక్కువగా గురువులను, పండితులను, సాధకులను. తెలుగు తీరంలో అన్నాళ్లున్నవాడు దమ్ములో ఉన్న పాలేరును ఆపి, “నీ నమ్మకమేమిటి నాయనా?” అని అడిగి ఉంటే మనకు ఎంత తెలిసి ఉండేదో!

ఆ పాలేరును అడిగే రోజు శ్రీకాకుళానికి దక్షిణాన, గోదావరి సీమలో, మరి రెండు వందల ఏళ్లకు వచ్చింది. రాజమహేంద్రవరం 1571–72లో కుతుబ్‌షాహీల వశమైనది. 1687లో గోల్కొండతోపాటు మొగలుల చేతికి, ఆ పైన నిజాముల నుంచి ఫ్రెంచివారికి, 1765–66 నాటికి ఇంగ్లీషు కంపెనీకి పోయింది. ఇన్ని ప్రభుత్వాలు మారినా సర్కారు రైతును అడిగినది శిస్తు సంగతే. కర్నల్ మెకంజీ మనుషులు కైఫీయతులు సేకరించినప్పుడు కూడా గుడి ఎవరిది, మాన్యమెంత, ఏ దొర కాలంలో ఇచ్చారు అన్నవే ప్రశ్నలు. జవాబు చెప్పినది కరణం.

కూలివానిని సూటిగా, తెలుగులో, అతని నమ్మకమే అడిగినవారు మిషనరీలు. 1836లో ఆంధ్ర తీరానికి వచ్చిన బౌడెన్, బీర్ నరసాపురం కేంద్రంగా పనిచేశారు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న కాలంలో (1847–52) కూలీల మధ్య బోధించారు. 1874 నుంచి కాకినాడ కేంద్రంగా కెనడా బాప్టిస్టులు వచ్చారు. ఈ సంఘాల్లో పుట్టుకతో బాప్తిస్మం రాదు. ఎదిగిన మనిషి తన నోట విశ్వాసం ఒప్పుకోవాలి. కనుక అడిగేవారు, వినేవారు. ఆ ప్రశ్నకు కోరుకున్న జవాబు ముందే ఒకటుందన్నది నిజమే. అయినా ఊరి వెలుపలి మాలపల్లె మనిషికి మనసంటూ ఒకటున్నదనీ, దానిలో ఏముందో అతనే చెప్పాలనీ గుర్తించిన ప్రశ్న అది. ఈ మాట ఒప్పుకోవటానికి ఏ మతస్థునికీ సంకోచం అక్కరలేదు.

తరువాత అడిగినది ప్రభుత్వం. 1871 నవంబరు 15న మద్రాసు రాజధానిలో జరిగిన తొలి క్రమబద్ధ జనాభా లెక్కలో మతం, కులం గళ్లు చేరాయి. ఆ రోజుల్లో సాక్షాత్తు ఇంగ్లండులో ఈ ప్రశ్న లేదు. 1851లో ప్రార్థనకు వచ్చినవారిని లెక్కించారు గాని, మనిషి మతమేదని అడగటం మీద అక్కడ గట్టి అభ్యంతరం వచ్చింది. ఇంగ్లండు, వేల్సు జనాభా లెక్కలో ఆ ప్రశ్న 2001లో గాని చేరలేదు. చేరినప్పుడు కూడా జవాబు చెప్పటం ఐచ్ఛికమే. తమ ఇంట అడగరానిదని మానుకున్న ప్రశ్నను పాలకులు గోదావరి జిల్లాలో గడపగడపనా అడిగించారు. పల్లెల్లో ఆ గళ్లు నింపే పని ముఖ్యంగా కరణాల మీద పడింది. శిస్తు రాసే చేయే మతమూ రాసింది!

గళ్లలో ఇమడనివారు ఈ సీమలో తక్కువేమీ కారు. దూదేకుల వారిని చూడండి. దూది ఏకటం వృత్తి, ఇంట మాట్లాడేది తెలుగు, మతం ఇస్లాం. 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథం వారి ఆచారాలలో హిందువుల ఆచారాలు కలిసి ఉన్నాయని వింతగా చెప్పుకొచ్చింది. కాని వారికి అందులో వింతేమున్నది? పీర్ల పండుగలో హిందువులు పీర్లు ఎత్తుకోవటం, హిందువుల ఇళ్లలో మస్తాన్‌రావులు ఉండటం కోస్తాలో ఎరుగనివారు ఎవరు? గళ్లు గీసినవారికే చిక్కు వచ్చింది. 1911 లెక్కలకు ముందు జనగణనాధికారి గెయిట్, హిందువులుగా నమోదవుతున్న కులాలు నిజంగా హిందువులేనా అని తేల్చటానికి పది పరీక్షలు పంపాడు. వేదప్రామాణ్యం ఒప్పుకుంటారా, గుడి లోపలికి రానిస్తారా, గోమాంసం తింటారా అన్నవి వాటిలో కొన్ని. వాటిలో కొన్ని మనిషి నమ్మకాన్ని అడిగినవి కావు. ఇతరులు అతనిని ఎలా చూస్తారన్నదే అడిగాయి. గుడిలోకి రానివ్వనిది ఒకరు, దానికి జవాబుదారీ మరొకరు.

1872 నాటి వివాహ చట్టం ఇంకా తమాషా. బ్రహ్మసమాజం వారి కోరిక మీద వచ్చిన ఈ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే వధూవరులు తాము క్రైస్తవ, యూదు, హిందూ, ముస్లిం, పారశీక, బౌద్ధ, సిక్కు, జైన మతాలలో దేనినీ అవలంబించటం లేదని ప్రకటించాలి. రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారి వంటి వారి చుట్టూ చేరిన బ్రహ్మమతస్థుల ముందున్న చట్టం ఇదే. నీవు ఏమి నమ్ముతావని కాదు, ఏది నమ్మవని అడిగిన ప్రశ్న ఇది. ఉపనిషత్తులు చదివి ప్రార్థన చేసే మనిషి, నేను హిందువును కానని సంతకం పెట్టాలా?

పిఠాపురంలో మౌల్వీ ఉమర్ అలీషా (1885–1945) సంగతి మరొక తీరు. తెలుగులో కావ్యాలు, నాటకాలు రాసిన కవి, ఒమర్ ఖయ్యాంను తెలుగు చేసినవాడు, సూఫీ ఆధ్యాత్మిక పీఠానికి అధిపతి. ఆయన శిష్యులలో హిందువులు విశేషంగా ఉండేవారు. పీఠంలో చేరటానికి మతం విడువనక్కరలేదు. అదే మనిషి కేంద్ర శాసనసభకు వెళ్లినది ఉత్తర మద్రాసు ముస్లిం నియోజకవర్గం నుంచి. 1909 సంస్కరణలతో వచ్చిన ప్రత్యేక నియోజకవర్గాల ఏర్పాటు అట్టిది. గురువుగా ఆయనను నమ్మిన హిందూ శిష్యునికి సభ్యునిగా ఆయనకు వోటు వేసే హక్కు లేదు. పీఠం అడిగిన ప్రశ్న వేరు, వోటర్ల జాబితా అడిగిన ప్రశ్న వేరు.

స్వాతంత్ర్యం తరువాత ఈ ప్రశ్న మరీ బరువెక్కింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు వచ్చింది. క్రైస్తవులకు, ముస్లింలకు రాలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గం, దూదేకులవారు ‘బి’ వర్గం. ఇక డెల్టా పల్లెలో ఆదివారం చర్చికి వెళ్లే కూలి మనిషిని ఎన్యూమరేటరు మతమేదని అడిగితే అతనికి వినిపించేది ఆ ప్రశ్న కాదు. పిల్లవాడి హాస్టలు సీటు, సర్టిఫికెట్టు, ఇంటి స్థలం వినిపిస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం, 1981లో 2.68 శాతం, 2011లో 1.34 శాతం. 1971 తరువాతి పదేళ్లలో చర్చీలు మూడోవంతు ఖాళీ కాలేదని గోదావరి గట్టున ఎవరిని అడిగినా చెబుతారు. నిజానికి 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం ఆ కాగితాలు ఎవరికీ చూపరాదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. అక్కడ నిజం చెప్పినందువల్ల సర్టిఫికెట్టు పోదు. కాని ఆ సెక్షను ఎన్యూమరేటరు ఎవరికి చదివి వినిపించాడు?

వీరు అబద్ధమాడారని కొందరు నిందిస్తారు. ఈ నింద వేసేముందు ఉసామా బిన్ జైద్ ఉదంతం తలచుకోవాలి. యుద్ధంలో కలిమా పలికిన శత్రువును, ప్రాణభయంతో పలికాడని భావించి ఆయన చంపినప్పుడు, ఎదుటి హృదయాన్ని తెరచి చూసిన వానిలా తీర్పు చెప్పినందుకు ప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. పలికిన మాటనే స్వీకరించాలన్నది మన ఫికహ్‌లో స్థిరపడిన సూత్రం. పల్లెలో మాట పలికించినది భయమైతే, దోషం ఆ భయం పుట్టించిన ఉత్తర్వులో వెతకాలి.

1653లో శ్రీకాకుళంలో జబ్బుపడి ఉన్న యాత్రికుని దగ్గర సీటు లేదు, శిస్తు లేదు, పెళ్లి కాగితం లేదు. అతనికి చెప్పినందువల్ల ఎవరికీ ఒరిగేదీ పోయేదీ లేదు. 2011 ఫారంలో హిందువుకు 1, ముస్లింకు 2, క్రైస్తవునికి 3, సిక్కుకు 4, బౌద్ధునికి 5, జైనునికి 6 అంకెలు. తక్కినవారు తమ మతం పేరు పూర్తిగా రాయించుకోవచ్చు. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఈసారి కులం కూడా అడుగుతారు.