మెకంజీ కైఫియతులు: ఊళ్లు రాసిచ్చిన చరిత్ర

తెలుగు పల్లెల పాత సంగతులు వెతికే పరిశోధకులు నేటికీ తప్పక తిరగేసేవి మెకంజీ కైఫియతులు, అంటే ఊరూరా రాయించిన స్థానిక చరిత్రలు. ఊరు ఎవరి ఏలుబడిలో ఉండేది, గుడికి మాన్యం ఎవరిచ్చారు, చెరువు ఎవరు తవ్వించారు, పొలిమేర ఎక్కడ... అన్నీ ఊరివాళ్లు చెప్పిన తీరులోనే అక్కడ కనిపిస్తాయి. వీటిని సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీకి మాత్రం మన భాషలు రావు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు.

మెకంజీ 1754లో స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు వచ్చి ఇంజనీరయ్యాడు. టిప్పు సుల్తాను పతనం తర్వాత మైసూరు సర్వే చేపట్టి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేల కొలిచి పటం గీయడం అతని ఉద్యోగం. ఆ ఊళ్ల చరిత్ర కూడా రాబట్టాలన్నది అతని పట్టుదల.

ఏలూరు అన్నదమ్ములు

ఆ పట్టుదలకు దారి చూపినవాడు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. 1796లో మెకంజీ దగ్గర చేరాడు. పండితులతో మాట్లాడి గ్రంథాలు రాబట్టడం, పాత శాసనాలు చదవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. భారతీయ విజ్ఞానంలోకి తన తొలి అడుగు అతని పరిచయంతోనే పడిందని మెకంజీ 1817లో ఒక లేఖలో రాశాడు. బొర్రయ్య 1803లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే కన్నుమూశాడు. సోదరుడు లక్ష్మయ్య ఆ బాధ్యత భుజాన వేసుకున్నాడు. మరో సోదరుడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాలను ఇంగ్లిషులో అచ్చువేశాడు.

మెకంజీ సహాయకులు ఊరూరా తిరిగారు. కరణాల దగ్గరున్న కవిలెలు, అంటే ఊరి దస్తావేజులు చూసి నకళ్లు రాసుకున్నారు. అది అంత సులువు కాదు. కంపెనీ మనిషి వచ్చి మాన్యాల లెక్క అడిగితే, శిస్తు పెంచుతారనో మాన్యం లాక్కుంటారనో అనుమానం కలగడం సహజం. అందుకే కైఫియతును చదివేటప్పుడు, రాసిచ్చినవాడి భయాన్ని, ఆశను కూడా కలిపి చదవాలి. ఊరి పుట్టుకను దేవుడి మహిమతో మొదలుపెట్టి, అదే ఊపులో గజపతుల పాలన, గోలకొండ అమీనులు, మాన్యం కుంటల లెక్క చెబుతాడు కరణం. పుక్కిటి పురాణమని మొదటి భాగం కొట్టేస్తే, ఊరు తనను తాను ఎలా ఊహించుకుందో మనకు తెలియకుండా పోతుంది.

ముక్కలైన నిధి

మెకంజీ 1821లో చనిపోయాక, కంపెనీ ఆ సేకరణను అతని భార్య నుంచి లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో కేటలాగు అచ్చువేశాడు. అందులో 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్లు, 2,630 బొమ్మలు, 6,218 నాణేలు లెక్కకొచ్చాయి. తర్వాత సరుకు లండన్, కలకత్తా, మద్రాసుల మధ్య చీలిపోయింది. సేకరణ కొనసాగిస్తానని లక్ష్మయ్య 1830లలో ముందుకొచ్చాడు. ఇతనే కాదు, ఏ భారతీయుడూ ఆ పనికి చాలడన్న అభిప్రాయంతో ఆసియాటిక్ సొసైటీ తోసిపుచ్చింది. ఆ సేకరణను పుట్టించినవాళ్లకే అది అప్పగించకపోవడం మన చరిత్ర రచనకు తీరని నష్టం.

మద్రాసులో చెదలు తింటున్న కాగితాలకు సి.పి. బ్రౌన్ మళ్లీ నకళ్లు రాయించాడు. ఆ నకళ్లు ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడప కైఫియతులను అక్కడి బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. ఇక బొమ్మల సంగతికొస్తే, అమరావతి స్తూపం దగ్గర 1816 నుంచి మెకంజీ బృందం గీసినవి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలోని కొన్ని శిల్పాలు ఇప్పుడు ఆ బొమ్మల్లో తప్ప ఎక్కడా లేవు.

బొమ్మలు ఒక దేశంలో, ఊరి మాట మరో దేశంలో ఉంటే చరిత్ర సగమే తెలుస్తుంది. డిజిటల్ ప్రతులు తీయగలిగే ఈ కాలంలో ఈ ఎడబాటుకు కారణం లేదు. ప్రతి కైఫియతు పక్కన ఆ ప్రాంతపు పటం, బొమ్మలు చేర్చాలి. దాని కింద రాసిచ్చిన కరణం పేరు, రాబట్టిన సహాయకుడి పేరు, తెలిసినంత మేరకు, మెకంజీ పేరంత స్పష్టంగా అచ్చుకావాలి.