క్లౌ దొర 15 నెలలు ఎందుకు ఆగారు? గుండ్లకమ్మ ఒడ్డు, 1878

సువార్త చెప్పడం అంటే ఇవాళ మనలో చాలామందికి పొద్దున్నే ఒక వాక్యం స్టేటస్ పెట్టడం. తప్పేం కాదు, నేనూ పెడతాను. కానీ మన ఒంగోలు దగ్గర ఈ పని ఎలా జరిగిందో చూస్తే కొంచెం సిగ్గేస్తుంది.

ఒంగోలు బాప్టిస్టు మిషన్ కథ అనగానే అందరూ జాన్ క్లౌ దొరతో మొదలుపెడతారు. నేను యర్రగుంట్ల పేరయ్యతో మొదలుపెడతా. ఊరు తాళ్ళకొండపాడు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. వ్యాపారం పని మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు యేసు గురించి విన్నాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ ఒంగోల్లో కాపురం పెట్టింది ఆ తర్వాతే! దొర కన్నా ముందే పేరయ్య తన చుట్టాలకి, తనతో తోలుపని చేసేవాళ్ళకి చెప్పడం మొదలుపెట్టేశాడు. బంధుత్వం ఉన్న ప్రతి పల్లెకీ ఆ మాట నడిచి వెళ్ళింది.

మాదిగలు వస్తుంటే, అప్పటిదాకా ఆసక్తి చూపిన పై కులాలవాళ్ళు అభ్యంతరం చెప్పారు. వీళ్ళని చేర్చుకుంటే మేం రాం అన్నారు. క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ 1వ అధ్యాయంలో ఒకే చోటు వచ్చిందట, లోకం తక్కువగా చూసినవాళ్ళని దేవుడు ఎన్నుకున్నాడనే చోటు. వాళ్ళు మాదిగల వైపే నిలబడ్డారు.

ఇక అసలు విషయం. 1876-78 కరువు. తిండి లేక జనం రాలిపోతున్నారు. క్లౌకి ఇంతకుముందు సర్వేయర్‌గా పనిచేసిన అనుభవం ఉంది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలి ఇప్పించారు. బోధకులే మేస్త్రీలు. పని మధ్యలో కూలీలు కాసేపు కూర్చుంటారు కదా, అప్పుడు వాళ్ళ పక్కనే కూర్చుని యేసు గురించి మాట్లాడేవాళ్ళు.

జనం బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. క్లౌ ఇవ్వనన్నారు. ఒకటీ రెండూ కాదు, దాదాపు 15 నెలలు! ఎందుకంటే కూడు పెట్టే చేత్తోనే బాప్తిస్మం ఇస్తే, వచ్చినవాడు దేవుడి కోసం వచ్చాడా, గంజి కోసం వచ్చాడా అనేది ఎవరు చెప్పగలరు? ‘బియ్యం కోసం మతం మారారు’ అనే మాట ఇవాళ కూడా వింటూనే ఉన్నాం. ఆ అనుమానం ఆయనకి అప్పుడే ఉంది. లెక్కలు పెంచుకోవాలనుకుంటే అంతకన్నా మంచి టైం ఇంకోటి దొరకదు. అయినా ఆగారు. నన్నడిగితే, ఆయన చేసిన పనుల్లో ఇదే పెద్దది.

1878లో సహాయం పంపిణీ ఆగిపోయింది. ఇక ఇచ్చేదేం లేదని చెప్పేశారు. అయినా జనం వచ్చారు. మాకు డబ్బు వద్దు, కష్టపడే బతికాం, ఈ చేతులకున్న బొబ్బలు చూడండి అన్నారట.

అప్పుడు ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెలంపల్లికి రమ్మన్నారు. జులై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చర్చికి వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఈ నంబర్ తెలుసు. నీళ్ళలో నిలబడింది మాత్రం దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. క్లౌ ఆ రోజు ఒక్కరికి కూడా ఇవ్వలేదు.