రిడ్జ్ రూట్ (కాలిఫోర్నియా)

అమెరికాలో లాస్ ఏంజిలెస్‌ను బేకర్స్‌ఫీల్డ్‌తో కలిపిన పాత కొండ రహదారి. 1915లో ప్రారంభమైంది. అంతకు ముందు ఉత్తరానికి వెళ్లే బండ్లు తూర్పుగా చాలా దూరం చుట్టు తిరిగి పోవలసి వచ్చేది. సొరంగాలు, వంతెనల ఖర్చు తప్పించడానికి ఇంజనీర్లు కొండ శిఖరాల వెంబడే దారి మలిచారు. కంచర గాడిదలు లాగే పారలతో మట్టి తీసిన ఈ దారిలో 697 మలుపులు తేలాయి. వేగ పరిమితి గంటకు 24 కిలోమీటర్లే. తర్వాత కాంక్రీటు పరిచారుగానీ మలుపులు, ప్రమాదాలు తగ్గలేదు. లెబెక్ దగ్గరి ఒక వంపుకు 'చచ్చినవాడి మలుపు' అన్న పేరు ఊరికే రాలేదు.

1933లో లోయల గుండా వేసిన కొత్త దారి దీన్ని పక్కకు నెట్టింది. దారిలోని హోటళ్లు, పెట్రోలు బంకులు మూతపడ్డాయి. ఆ కొత్త దారికీ అదే గతి పట్టింది: 1970 నాటికి ఇంటర్‌స్టేట్ 5 ఫ్రీవే దాని స్థానాన్ని ఆక్రమించింది, కొంత భాగం పిరమిడ్ లేక్ జలాశయంలో మునిగింది. విచిత్రంగా, ముందు వదిలేసిన కొండదారే ఎక్కువగా మిగిలింది. అడవిలోని దాని భాగాన్ని 1997లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు.