నలభై అయిదు దాటినవాడి ఫీజు ఎవరు కట్టాలి?: జార్జ్ టౌన్‌లో వయోజనుల చదువుకు సర్కారు సాయం, ఒక పరిశీలన

మలేషియా తెలుగువారి మీద ఇప్పటిదాకా వచ్చిన వ్యాసాలు తిరగేస్తే ఓడ, తోట, గుడి, మాతృభాష తప్ప మరొకటి కనిపించదు. మలయాలోని భారతీయుల మీద కెర్నియల్ సింగ్ సంధు 1969లో వెలువరించిన బృహద్గ్రంథం 1786లో మొదలై 1957 దగ్గర ఆగుతుంది. అడపా సత్యనారాయణ దక్షిణ భారత కూలీల వలసను శ్రద్ధగా పట్టుకున్నారు. ఆ పని లేకపోతే ఈ రంగంలో మనం ఇంకా ఓనమాలు దిద్దుతూ ఉండేవాళ్లం. అయితే ఆ చరిత్ర కూడా కూలీని తోట దాకా తీసుకువెళ్లి అక్కడ విడిచిపెడుతుంది. తోట చేతులు మారి, లైన్ ఇళ్లు ఖాళీ అయి, పట్నం చేరిన మనవడు నడివయసులో మళ్లీ పుస్తకం పట్టాలనుకుంటే ఫీజు ఎవరు కట్టారన్న ప్రశ్న మన పరిశోధకులకు తట్టలేదు. 1955 నుంచి పనిచేస్తున్న మలేషియా తెలుగు సంఘం గురించి రాసేటప్పుడు కూడా పిల్లల తెలుగు తరగతుల ప్రస్తావన వస్తుంది గానీ వాళ్ల తల్లిదండ్రుల చదువు ఊసే రాదు.

ఈ వ్యాసానికి మూలం జార్జ్ టౌన్‌లో పరిశీలన చేస్తున్నప్పుడు కలిగిన ఒక అనుమానం. పెద్దవాళ్ల చదువుకు, వృత్తి మార్పుకు మలేషియా ప్రభుత్వం పెడుతున్న డబ్బు తక్కువేమీ కాదు. కానీ ఆ డబ్బంతా జీతం చీటీకి అంటుకుని ఉంది. చీటీ ఉన్నవాడికి నాలుగు దారులున్నాయి. చీటీ లేనివాడికీ, దాన్ని తనంతట తాను వదులుకున్నవాడికీ దాదాపు ఒక్క దారీ లేదు.

పరిశీలనకు జార్జ్ టౌన్ రాజధానిగా ఉన్న పెనాంగ్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1969లో జార్జ్ టౌన్ స్వేచ్ఛా రేవు హోదా పోయింది. రేవు మీద బతికిన ఊరు నిరుద్యోగంలో పడింది. ముఖ్యమంత్రి లిమ్ చోంగ్ యూ హయాంలో 1972లో బయాన్ లెపాస్ స్వేచ్ఛా వాణిజ్య మండలి తెరిచారు, ఇంటెల్ వచ్చింది, ఊరు ఊరంతా వృత్తి మార్చుకుంది. అదే కాలంలో, 1971లో, ఇక్కడి మలేషియా సైన్స్ విశ్వవిద్యాలయం ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ చదివే పద్ధతిని దేశంలో తొలిసారి మొదలుపెట్టింది. మన హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం రావడానికి అప్పటికింకా పదకొండేళ్ల వ్యవధి ఉంది. 1989లో పెనాంగ్ నైపుణ్యాభివృద్ధి కేంద్రం, 2006లో వావాసన్ ఓపెన్ యూనివర్సిటీ వచ్చాయి. ఈ రెండోది సుల్తాన్ అహ్మద్ షా రోడ్డులో, ఒకప్పుడు చక్కెర వ్యాపారంలో కోట్లు గడించిన యాప్ చోర్ యీ నివాసమైన హోమ్‌స్టెడ్ భవనంలో నడుస్తోంది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ మేడ పగలు ఉద్యోగం చేసి సాయంత్రం పాఠం చదువుకునేవాళ్లదైంది. అంటే వయోజన విద్యకు కావలసిన ఇల్లూవాకిలీ అన్నీ ఈ ఊళ్లో ఉన్నాయి. ఇక్కడ కూడా డబ్బు చేరనివాడికి ఇంకెక్కడా చేరదు.

అసలు పేచీ గ్యారీ బెకర్‌తో. 1964లో వచ్చిన ఆయన 'మానవ మూలధనం' గ్రంథమే ఈ విధానాలన్నిటికీ పేరు చెప్పని పునాది. ఆయన వాదం ప్రకారం చదువు ఒక పెట్టుబడి, దాని రాబడి వచ్చే సంవత్సరాల్లో వస్తుంది. వయసు పెరిగేకొద్దీ రాబడికి మిగిలే సంవత్సరాలు తగ్గుతాయి కాబట్టి పెద్దవాడు చదువు మీద ఖర్చు పెట్టకపోవడమే తెలివి. రెండో మాట: ఎక్కడైనా పనికొచ్చే సాధారణ నైపుణ్యానికి ఖర్చు కార్మికుడే భరిస్తాడు, తక్కువ జీతం రూపంలోనైనా సరే. కంపెనీకి మాత్రమే పనికొచ్చే నైపుణ్యంలోనే కంపెనీ చెయ్యి కలుపుతుంది. లెక్కగా చూస్తే ఎక్కడా తప్పు పట్టలేం. చికాగోలో కూర్చుని చూస్తే ఇంకా బాగుంటుంది.

బయాన్ లెపాస్ ఈ రెండో మాటను 1989లోనే కొట్టివేసింది. ఒకరు తర్ఫీదు ఇచ్చిన మనిషిని పక్క ఫ్యాక్టరీ ఎక్కువ జీతమిచ్చి లాక్కుపోతుంటే, పోటీ కంపెనీలే ఒక చోట చేరి, రాష్ట్ర ప్రభుత్వాన్నీ విశ్వవిద్యాలయాన్నీ కలుపుకుని, ఉమ్మడిగా శిక్షణ కేంద్రం పెట్టుకున్నాయి. ఎక్కడైనా చెల్లే నైపుణ్యానికి కంపెనీలే డబ్బు పెట్టాయి. బెకర్ చెప్పినట్టు కార్మికుడి మీదకి నెట్టి ఊరుకుంటే పని జరగదని వాళ్లకు అనుభవం మీద తెలిసింది.

ఇక వయసు మాట. జాతీయ ఉన్నత విద్యా నిధి సంస్థ, పీటీపీటీఎన్, 1997 చట్టంతో పుట్టింది. దేశంలో ఉన్నత విద్యకు అతి పెద్ద రుణదాత ఇదే. వడ్డీ స్థానంలో ఇప్పుడు 1 శాతం ఉజ్రా (సేవా రుసుము) వసూలు చేస్తారు, ఫస్ట్ క్లాస్ తెచ్చుకుంటే షరతులకు లోబడి బాకీ మాఫీ. దరఖాస్తు నాటికి అభ్యర్థి వయసు 45 దాటకూడదన్నది నియమం. బెకర్ గణితం ఇక్కడ నిబంధన రూపం ఎత్తింది. కానీ ఇదే దేశం 2012 చట్టంతో ప్రైవేటు రంగంలో కనీస విరమణ వయసును 60కి పెంచింది, 2013 జులై 1 నుంచి అమలు చేస్తోంది. 46వ ఏట చదువు మొదలుపెట్టి నాలుగేళ్లలో డిగ్రీ తెచ్చుకున్నవాడికి ఇంకా పదేళ్ల ఉద్యోగం మిగిలి ఉంటుంది. పనిచేయడానికి పదేళ్లు ఉన్నవాడు అప్పు తీర్చడానికి మాత్రం పనికిరాడా? బెకర్ లెక్కనే బెకర్‌కి అప్పజెప్పినా ఈ గీత 45 దగ్గర నిలవదు.

అయితే నా ప్రధాన సాక్ష్యం రుణం కాదు, ఉద్యోగ బీమా. 2017లో చేసిన 800వ చట్టం 2018 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కార్మికుడి జీతంలోంచి 0.2 శాతం, యజమాని నుంచి 0.2 శాతం సామాజిక భద్రతా సంస్థ పెర్కెసో వసూలు చేస్తుంది. ఉద్యోగం పోయినవాడికి మొదటి నెల జీతంలో 80 శాతం, రెండో నెల 50, మూడు, నాలుగో నెలలకు 40, అయిదు, ఆరో నెలలకు 30 శాతం చొప్పున ఉద్యోగాన్వేషణ భత్యం ఇస్తారు. దానితోపాటు శిక్షణ ఫీజుకు 4,000 రింగిట్ల దాకా, శిక్షణ భత్యం విడిగా. కాగితం మీద ఇది ఉదారమైన ఏర్పాటే.

ఇప్పుడు ఆ శిక్షణ భత్యాన్ని దగ్గరగా చూద్దాం. చట్టం మొదట నిర్ణయించిన సూత్రం రోజువారీ సగటు జీతంలో 25 శాతం, 10 రింగిట్లకు తగ్గకుండా, 20కి మించకుండా. నెలకు 2,400 రింగిట్లు తెచ్చుకునే మనిషిని తీసుకోండి. రోజుకు 80, అందులో పావు 20. పరిమితి అక్కడే తగిలింది. 4,000 తెచ్చుకునేవాడికీ అదే 20. కనీస వేతనం 1,700 తీసుకునేవాడికి ఆ సూత్రం ప్రకారం సుమారు 14 వస్తుంది. బట్టర్‌వర్త్ నుంచి ఫెర్రీలో జార్జ్ టౌన్ దిగి, బస్సెక్కి శిక్షణకు వెళ్లి, మధ్యాహ్నం కోడికూరతో ఒక ప్లేటు నాసి కందర్ అన్నం, ఒక తే తారిక్ టీ తీసుకుంటే ఆ 14లో చాలా భాగం అక్కడే ఖర్చవుతుంది. ఇంట్లో పొయ్యి మీద కుండకు ఏమీ మిగలదు. పిల్లలున్న మనిషి, అద్దె కట్టే మనిషి, ఈ భత్యం చూసుకుని ఆరు నెలల కోర్సులో కూర్చోడు. దొరికిన మొదటి సెక్యూరిటీ ఉద్యోగంలో చేరిపోతాడు. శిక్షణ ఫీజుకు 4,000 ఉన్నా, కూర్చోవడానికి తీరిక కొనుక్కునే డబ్బు లేదు. చదువు ఖర్చంటే ఫీజు ఒక్కటే కాదని, పోగొట్టుకున్న కూలీ అందులో పెద్ద భాగమని చెప్పిన మొదటివాళ్లలో బెకర్ గురుతుల్యుడు థియోడర్ షుల్ట్జ్ ఒకరు. శిష్యవర్గం ఆ మాటను పిల్లల విషయంలో గుర్తు పెట్టుకుని పెద్దల విషయంలో మరిచిపోయింది.

ఇంతకన్నా పెద్ద తిరకాసు అర్హతలో ఉంది. తనంతట తాను రాజీనామా చేసినవాడికి ఈ బీమా వర్తించదు. కాంట్రాక్టు గడువు తీరినవాడికీ వర్తించదు. స్వయం ఉపాధివాడు అసలు లెక్కలోనే లేడు. ఫ్యాక్టరీ తీసేస్తే సాయం ఉంది. ఫ్యాక్టరీ మానేసి నర్సింగో అకౌంటెన్సీయో చదవాలనుకుంటే లేదు. వృత్తి మార్పుకు సాయం అని పేరు, కానీ మార్పు కోరుకున్నవాడికి తలుపు మూత. తొలగింపు లేఖ చేతిలో ఉన్నవాడే ఈ చట్టం దృష్టిలో విద్యార్థి.

యజమానుల లెవీ కథ క్లుప్తంగా చెప్పవచ్చు. 2001 చట్టం కింద పనిచేసే మానవ వనరుల అభివృద్ధి సంస్థ హెచ్‌ఆర్‌డీ కార్ప్‌కు పదిమంది, ఆపైన మలేషియా ఉద్యోగులున్న సంస్థలు జీతాల్లో 1 శాతం కడతాయి. అయిదు నుంచి తొమ్మిది మంది ఉంటే 0.5 శాతం, అదీ ఇష్టముంటేనే. 2021 నుంచి దాదాపు అన్ని రంగాలకూ దీన్ని విస్తరించారు. డబ్బు యజమాని ఖాతాలో ఉంటుంది, ఎవరిని ఏ కోర్సుకు పంపాలో యజమానే తేలుస్తాడు. ఇక జార్జ్ టౌన్‌లోని లెబుహ్ పసార్, లెబుహ్ క్వీన్ వీధుల్లో, 1833 నాటి మహామారియమ్మన్ గుడి చుట్టుపక్కల, చీరల కొట్టు, పూల బడ్డీ, మసాలా దుకాణం, డబ్బు మార్చే గది చూడండి. చాలావాటిలో ముగ్గురో నలుగురో పనివాళ్లు. మన దక్షిణాది వాళ్లు ఎక్కువగా కనిపించే ఆ వీధికి ఈ లెవీ రూపాయి కూడా చేరదు.

మిగిలిన రెండు దారులూ అంతే. ఉద్యోగుల భవిష్య నిధి, ఈపీఎఫ్, నుంచి చదువుకు డబ్బు తీసుకోనిస్తారు, కానీ అది ముసలితనానికి దాచుకున్న సొంత సొమ్ము. దాన్ని ప్రభుత్వ సహాయం అనడం నాకు ఇష్టం లేదు. సొంత చదువు ఫీజుకు ఏడాదికి 7,000 రింగిట్ల దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాడికే దాని రుచి తెలుస్తుంది. పనిలో నేర్చుకున్న అనుభవాన్ని చదువుగా గుర్తించే ఏపెల్ పద్ధతి మాత్రం నిజంగా మెచ్చుకోదగ్గది. 21 ఏళ్లు నిండి, తగిన అనుభవం ఉంటే, పాత సర్టిఫికెట్లు లేకపోయినా డిగ్రీలో చేరవచ్చు. తోటలో బడి మధ్యలో మానేసినవాళ్ల పిల్లలకు ఇంతకన్నా మంచి తలుపు లేదు. తలుపు తెరిచినవాళ్లు టికెట్ డబ్బు కూడా ఇచ్చి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

లెవీ డబ్బుతో ఏటా లక్షలాది మంది శిక్షణ పొందుతున్నారన్న వాదన ఉంది. అది నిజమే, కానీ వాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లే.

జలసంధి దాటి సింగపూర్ వైపు చూస్తే మన వాదం ఇంకా గట్టిపడుతుంది. అక్కడ 2024లో 40 ఏళ్లు నిండిన పౌరులకు 4,000 డాలర్ల స్కిల్స్‌ఫ్యూచర్ క్రెడిట్ ఇచ్చారు. 2025 నుంచి పూర్తికాలం చదివే నడివయసువాళ్లకు మునుపటి సగటు ఆదాయంలో సగం, నెలకు 3,000 డాలర్ల వరకు, భత్యంగా ఇస్తున్నారు. మలేషియా రుణ సంస్థ మూసే వయసు దగ్గర సింగపూర్ ఖజానా తెరుస్తోంది. క్రెడిట్ మనిషి పేరు మీద ఉంటుంది, యజమాని అనుమతి అక్కర్లేదు. ఇక మన ఇంట్లో సంగతి చూసుకుంటే, తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యలో చదివేవాళ్లకు వర్తించదు. పగలు కూలి చేసి రాత్రి చదివేవాడిని విద్యార్థిగా గుర్తించకపోవడంలో అమరావతికీ హైదరాబాద్‌కూ పుత్రజయకూ తేడా లేదు.

దీన్నిబట్టి మలేషియా తెలుగువారి వెనకబాటుకు భాషా నష్టాన్నీ, తోటల వారసత్వాన్నీ కారణంగా చూపే పాత వివరణలను పక్కన పెట్టవలసిందే. పెనాంగ్ రాష్ట్రంలోనే ప్రధాన భూభాగం వైపు ఉన్న బాటు కవాన్ సంగతే తీసుకోండి. ఒకప్పుడు చెరకు తోట, ఇప్పుడు పారిశ్రామిక పార్కు, 2014లో తెరిచిన రెండో వంతెన దాన్ని ద్వీపానికి కలిపింది. తోట పోయి ఫ్యాక్టరీ వచ్చిన ఆ నేల మీద మూడో తరం మనిషి కూలీగానే మిగిలిపోయాడంటే, చదవాలన్న కోరిక అతనికి లేక కాదు, చదువుకునే ఆరు నెలలకు ఇంటి ఖర్చు ఎవరూ ఇవ్వలేదు. పెర్కెసో శిక్షణ భత్యం తీసుకున్నవాళ్ల వివరాలను వయసు, జిల్లా, పాత వృత్తి వారీగా విడగొట్టి బయటపెడితే ఈ మాటకు ఒప్పుకోని పరిశోధకుడితో కూర్చుని వరస వరసా లెక్క చూసుకోవచ్చు.