మొటిమల మందుకు కొవ్వు తొడుగు

మొటిమ మొదలయ్యేది చర్మం మీద కాదు, రోమకూపం లోపల. నూనె గ్రంథి నుంచి ఊరే జిడ్డు, రాలిన మృతకణాలతో కలిసి అక్కడ గడ్డకట్టి దారి మూసేస్తుంది. పైపూత మందు అక్కడికి చేరాలి, రక్తంలోకి పోనక్కర్లేదు. ఈ చికిత్స చరిత్రంతా ఆ ఒక్క అవసరం చుట్టూనే తిరిగింది.

1969లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఆయన సహచరులు విటమిన్ ఎ ఆమ్లమైన ట్రెటినాయిన్ మొటిమలను తగ్గిస్తుందని ప్రకటించారు. 1971లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. క్లిగ్‌మన్ చర్మ ప్రయోగాలు ఏళ్ల తరబడి ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీలపై సాగాయి. అది ఆయన పేరుకు అంటిన చెరగని మచ్చ. మందు మాత్రం పనిచేసింది. కాకపోతే రాసుకున్నచోట మంట, ఎరుపు, పొట్టు లేవడం తప్పేవి కావు.

అసలు మలుపు మరో దారిన వచ్చింది. ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాలు నీటిలో వాటంతటవే సూక్ష్మమైన బుడగలవుతాయని 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లోని బాబ్రహామ్‌లో అలెక్ బాంగమ్ గమనించారు. అవే లైపోజోమ్‌లు. 1980లో కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో మైకేల్ మెజై, గులశేఖరం ఒక స్టెరాయిడ్‌ను వాటిలో నింపి కుందేళ్ల చర్మానికి పూశారు. మామూలు లేపనంతో పోలిస్తే మందు చర్మంలో నాలుగైదు రెట్లు ఎక్కువగా నిలిచింది, లోపలి అవయవాలకు తక్కువగా చేరింది. మొటిమల మందుకు కావలసిందీ అదే. 1994లో వెలువడిన ఒక జర్మన్ అధ్యయనంలో లైపోజోమ్‌లలో పెట్టిన 0.01 శాతం ట్రెటినాయిన్, అంతకన్నా గాఢమైన మామూలు జెల్‌లతో సమానంగా పనిచేసింది, మంట తగ్గింది. మన దేశంలో వడోదర పరిశోధకులు కూడా లైపోజోమల్ ట్రెటినాయిన్ జెల్‌ను రోగులపై పరీక్షించారు.

లైపోజోమ్‌లు నిలవ ఉంచితే చెదిరి, మందును కార్చేస్తాయి. అందుకే 1990ల ఆరంభంలో జర్మనీలో రైనర్ ముల్లర్, ఇటలీలో మరియా రోసా గాస్కో ఒంటి వేడికి కరగని గట్టి కొవ్వుతో నానో కణాలు చేశారు. ఆ కొవ్వు క్రమంగా గట్టి స్ఫటికంగా పేరుకుని మందును బయటికి నెట్టేది. దశాబ్దం చివరికి అందులో కొంత ద్రవనూనె కలిపి, మందు ఇమిడే చోటు మిగిల్చారు.

ఇలాంటి నానో కణం ఎంత పరిమాణంలో ఉండాలన్నదానికి బెర్లిన్‌లో యుర్గెన్ లాడెమన్ బృందం దారి చూపింది. సుమారు 320 నానోమీటర్ల కణాలు మర్దనతో రోమకూపాల్లోకి లోతుగా దిగి పది రోజుల వరకూ ఉన్నాయని 2007లో తేల్చింది. అవి పాలిమర్ కణాలు, కొవ్వువి కావు. అయినా కొవ్వు నానో కణాలతో మొటిమల మందు తయారుచేసేవారు ఆ తర్వాత పరిమాణం ఎంచుకునేటప్పుడు రోమకూపాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటూ వచ్చారు.