ఆలస్యం కూడా అమృతమే

"ఆలస్యం అమృతం విషం" అన్న మాట, బెల్లు కొట్టాక గేటు దగ్గరకు చేరిన మనందరం ఏదో ఒక రోజు విన్నదే. మాస్టార్లు చెప్పింది నిజమే. అయితే కావాలని ఆలస్యం చేయడానికే తయారైన పరికరం ఒకటుంది. ముప్పై ఏళ్లకు పైగా ఎలక్ట్రానిక్స్‌లో ఉద్యోగం చేసిన నాకు దాని మీద ప్రత్యేకమైన గౌరవం. దాని పేరు డిలే లైన్. ఒక చివర సంకేతం ఇస్తే, అదే సంకేతం కాసేపు ఆగి రెండో చివర బయటికి వస్తుంది. దాని పని అంతే. రాడార్, కంప్యూటర్, రంగుల టీవీ మూడూ ఆ చిన్న పని మీద ఆధారపడి ఎదిగాయి.

స్వర్ణోత్సవ సంచికలో బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు కనుక, నేను ఈ పరికరం చరిత్ర చెబుతాను. మన గోదావరికీ, మన డెల్టాలో పుట్టిన ఒక పెద్దాయనకూ ఇందులో చోటుంది.

గోదావరి చెప్పే లెక్క

ఆలస్యం విలువ ఏమిటో మన ప్రాంతం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వరద రోజుల్లో రాజమండ్రిలో ఏ ఇద్దరు కలిసినా మొదటి ప్రశ్న "భద్రాచలంలో ఎన్ని అడుగులుందట?" అనే. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు పాపికొండల మధ్యగా దిగి ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూ ఇటూగా పడుతుంది. లంకల్లో వాళ్లు పశువుల్ని గట్టు మీదికి తోలుకునేదీ, ధాన్యం బస్తాలు అటక ఎక్కించేదీ ఆ ఒక్క రోజులోనే. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఆ వరదను చూసినవాళ్లకు ఆ ఒక్క రోజు గడువు లేకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఏరు కూడా ఒక డిలే లైనే. కాకపోతే అంత మంచిది కాదు. భద్రాచలం దగ్గర నిటారుగా లేచిన వరద కిందికి వచ్చేసరికి కాస్త చదునవుతుంది. దారిలో శబరి వచ్చి కలుస్తుంది. అంటే పైన ఇచ్చిన సంకేతం ఉన్నదున్నట్టు కింద అందదు. ఇంజనీర్లకు కావలసింది రూపం చెడకుండా, మరేదీ కలవకుండా, అనుకున్నంత సేపే ఆపి అందించే ఏరు. అది దొరకడానికి ఒక యుద్ధం కావలసి వచ్చింది.

పాదరసం గొట్టాలు

రెండో ప్రపంచ యుద్ధం నాటికి రాడార్ వచ్చింది. రేడియో తరంగాన్ని చిన్న తునకగా పంపి, ఏదైనా వస్తువుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలిచి దూరం చెబుతుంది. ఒక మైక్రో సెకను ఆలస్యమైతే వస్తువు 150 మీటర్ల దూరంలో ఉన్నట్టు. చిక్కేమిటంటే శత్రు విమానంతోపాటు కొండలూ భవనాలూ కూడా తెర మీద వెలుగుతాయి. వాటిలోంచి కదిలేదాన్ని ఏరడం ఎలా?

మార్గం తీసివేత లెక్కంత తేలిక. ఇంతకు ముందు వచ్చిన ప్రతిధ్వనిని పట్టి ఉంచాలి. తర్వాతి ప్రతిధ్వని రాగానే ఆ రెండింటి తేడా తీయాలి. కదలని కొండ రెండుసార్లూ ఒకేలా ఉంటుంది కనుక సున్నా అయిపోతుంది. కదిలిన విమానం మిగులుతుంది.

అయితే పాత ప్రతిధ్వనిని ఎక్కడ ఉంచాలి? పట్టి ఉంచాల్సింది ఇంచుమించు ఒక మిల్లీ సెకను, అంటే సెకనులో వెయ్యో వంతు. ఆ కాస్త సమయంలోనే కేబుల్‌లో సంకేతం దాదాపు 200 కిలోమీటర్లు వెళ్లిపోతుంది. తీగతో ఆలస్యం కావాలంటే రాజమండ్రి నుంచి విశాఖపట్నం దాకా కేబుల్ పరవాలి. అందుకే విద్యుత్ సంకేతాన్ని శబ్దంగా మార్చారు. ఒక గొట్టం నిండా పాదరసం పోసి రెండు చివరలా క్వార్ట్జ్ స్ఫటికాలు బిగించారు. మొదటి స్ఫటికం విద్యుత్తును అతిధ్వనిగా మారుస్తుంది. రెండోది ఆ ధ్వనిని మళ్లీ విద్యుత్తుగా మారుస్తుంది. పాదరసంలో శబ్ద వేగం సెకనుకు సుమారు 1450 మీటర్లు. మీటరున్నర గొట్టంలోనే ఒక మిల్లీ సెకను ఆలస్యం దొరికింది.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రాడార్ కోసం ఈ గొట్టాల మీద పనిచేసిన ప్రెస్పర్ ఎకర్ట్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. రెండో చివర బయటికి వచ్చిన సంకేతాన్ని సరిచేసి, మళ్లీ మొదటి చివరకే ఇస్తే? అది తిరుగుతూనే ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ పోదు. అంటే అది జ్ఞాపకం! కోలాటంలో వలయంగా తిరిగేవాళ్లలో మనకు కావలసిన మనిషి మన ముందుకు వచ్చేదాకా ఆగి పలకరించినట్టు, కంప్యూటర్ కూడా తనకు కావలసిన అంకె గొట్టం చివరకు వచ్చేదాకా ఆగి చదువుకుంటుంది.

1949 మే 6న ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ బృందం తయారుచేసిన ఎడ్‌సాక్ కంప్యూటర్ తొలి లెక్క చేసింది. దాని జ్ఞాపకశక్తి అంతా పాదరసం గొట్టాల్లోనే. ఒక్కో గొట్టంలో 576 బిట్లు తిరిగేవి. ఇప్పుడు మనం వాట్సాప్‌లో పెట్టే ఒక్క "శుభోదయం" బొమ్మకు అలాంటి గొట్టాలు వందల్లో కావాలి. వేడి మారితే పాదరసంలో శబ్ద వేగమూ మారుతుంది కనుక గొట్టాలను ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచాల్సి వచ్చేది. పాదరసానికి బదులు జిన్ వాడితే ఆ బాధ తగ్గుతుందని ఆలన్ ట్యూరింగ్ అన్నాడని కంప్యూటర్ చరిత్రలో ఒక ముచ్చట. నీరూ ఆల్కహాలూ తగిన పాళ్లలో కలిస్తే వేడికి శబ్ద వేగం పెద్దగా మారదు కనుక, అది వట్టి హాస్యమూ కాదు.

మొగల్లు పెద్దాయన

మన దేశంలో కంప్యూటర్ల తయారీ మొదలయ్యేనాటికి పాదరసం రోజులు వెళ్లిపోతున్నాయి. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో 1960లో పని ప్రారంభించిన టిఫ్రాక్‌లో చిన్న చిన్న అయస్కాంతపు రింగులతో చేసిన మెమరీ ఉండేది. హోమీ భాభా ఆ సంస్థలో పోగుచేసిన తొలితరం వాళ్లలో డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు ఒకరు. దేశమంతా ఏ.ఎస్. రావు గారంటుంది. 1914లో భీమవరం దగ్గర మొగల్లులో పుట్టారు. అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరూ అదే. కాశీలో చదివి, టాటా స్కాలర్‌షిప్‌తో స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి వచ్చారు.

పరమాణు పరిశోధనలో సెకనులో లక్షల వంతు తేడాలు కొలవాలి. రెండు కణాలు ఒకేసారి వచ్చాయా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయా తేల్చడానికి ఒకదాని సంకేతాన్ని డిలే లైన్‌తో ఆపి రెండోదానితో పోలుస్తారు. ఇలాంటి పరికరాలన్నీ విదేశాల నుంచి కొంటూ కూర్చోకూడదని, మనమే చేసుకోవాలని పట్టుబట్టిన తరం వారిది. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ వారి నాయకత్వంలోనే మొదలైంది. 1972లో వారికి పద్మభూషణ్ వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా దాదాపు 2400 గ్రామాలకు టీవీ పాఠాలు చూపించిన సైట్ ప్రయోగానికి టీవీలు తయారుచేసింది ఈసీఐఎలే. ఆ ఆరు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. అవి నలుపు తెలుపు టీవీలు. రంగు రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఆ రంగుతోనే డిలే లైన్ మన ఇళ్లలోకి వచ్చింది.

గాజు పలకలో ఒక గీత

1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో దూరదర్శన్ రంగుల్లోకి మారింది. మన దేశం తీసుకున్నది జర్మనీలో వాల్టర్ బ్రూఖ్ రూపొందించిన పాల్ పద్ధతి. టీవీ బొమ్మను గీతలు గీతలుగా గీస్తారు. సెకనుకు 15625 గీతలు. అంటే ఒక్కో గీతకు 64 మైక్రో సెకన్లు. గాలిలో ప్రయాణించేటప్పుడు రంగు సంకేతం కాస్త పక్కకు జరిగితే మనుషుల మొహాలు పచ్చగానో ఊదాగానో కనిపిస్తాయి. అమెరికా పద్ధతిలో ఈ ఇబ్బంది ఉండేది. బ్రూఖ్ ఏం చేశాడంటే, రంగు సంకేతంలో ఒక భాగాన్ని గీత విడిచి గీతకు తలకిందులు చేసి పంపాడు. అప్పుడు ఒక గీతలో తప్పు పచ్చవైపు పడితే పక్క గీతలో ఊదావైపు పడుతుంది. రెండింటినీ కలిపి సగటు తీస్తే తప్పు పోతుంది, రంగు కాస్త పలచబడుతుందంతే. సగటు తీయాలంటే ముందు గీతను 64 మైక్రో సెకన్లు ఆపాలి. తీగతో అయితే దాదాపు 13 కిలోమీటర్లు కావాలి. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్లి తిరిగొచ్చినంత.

ఆ దారినంతా ఒక గాజు పలకలో ఇమిడ్చారు. గాజులో అతిధ్వని 17 సెంటీమీటర్లు నడిస్తే చాలు. పలక అంచులకు తగిలి అటూ ఇటూ మళ్లుతూ పోతుంది కనుక పరికరం మొత్తం అగ్గిపెట్టె అంతే. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడు మా ఊరి టీవీ మెకానిక్ దాన్ని మొదటిసారి చూపించాడు. "ఇది చెడితే బొమ్మ మీద అడ్డచారలు పడతాయి తమ్ముడూ. దీనికి రిపేరు లేదు, మార్చేయడమే" అన్నాడు. పుస్తకంలో నేను చదివింది కూడా అదే. రెండు గీతల లెక్క కుదరకపోతే తేడా చారలుగా బయటపడుతుంది.

తుపాను రోజుల్లో

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుపానుకు వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్లలో కోలుకోని ఇళ్లున్నాయి. కూలిన కొబ్బరి చెట్లకు లెక్కలేదు. అప్పటి తీర రాడార్లు మేఘం ఎక్కడుందో చెప్పగలిగేవి. అందులో గాలి ఎంత వేగంతో తిరుగుతోందో చూపలేకపోయేవి.

దాదాపు ఇరవై ఏళ్ల కిందట మచిలీపట్నంలోనూ విశాఖలోనూ డాప్లర్ రాడార్లు వచ్చాయి. ఇవి గాలి వేగం ఎలా చెబుతాయి? ముందు పల్స్ ప్రతిధ్వనిని దాచి ఉంచి, తర్వాతి దానితో పోల్చి, చినుకులు ఆ మధ్యలో ఎంత జరిగాయో చూస్తాయి. పాదరసం గొట్టంలో మొదలైన లెక్కే ఇది. గొట్టం పోయి మెమరీ చిప్ వచ్చింది. ఆలస్యం మాత్రం అలాగే ఉంది. ఫోనులో మన గొంతు మనకే తిరిగి వినపడకుండా చేసేదీ ఇదే. మన మాట నకలును కాస్త ఆపి, తిరిగొచ్చే శబ్దంలోంచి తీసేస్తారు.

మొత్తం మీద ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే. ఇప్పటి క్షణం ఒక్కటే చేతిలో ఉంటే యంత్రానికి ఏమీ తెలియదు. గడిచిన క్షణాన్ని పక్కన పెట్టుకుంటేనే ఏది కదిలింది, ఏది నిలిచింది, ఏది తప్పు అన్నది తెలుస్తుంది.

బడికి ఒక విన్నపం

మెమరీ చిప్‌లు చౌకయ్యాక గాజు డిలే లైన్ల తయారీకి పని లేకుండా పోయింది. మన అటకల మీద ఉన్న పాత రంగుల టీవీలు ఇప్పుడు పాత సామాన్ల బండి ఎక్కుతున్నాయి. వాటితోపాటు ఆ గాజు పలకలూ పోతున్నాయి. మిత్రులారా, మీ ఇంట్లో అలాంటి టీవీ ఉంటే ఇచ్చేయడానికి ముందు మెకానిక్ చేత ఆ పలక తీయించి మన బడి సైన్సు ల్యాబుకు పంపండి. మీరే విప్పవద్దు, పిక్చర్ ట్యూబులో హైవోల్టేజి నిలవ ఉంటుంది. ఒక పలక చేతికిచ్చి, పక్కన స్కేలు పెట్టి, 17 సెంటీమీటర్లను 64 మైక్రో సెకన్లతో భాగించమంటే, గాజులో శబ్ద వేగం సెకనుకు రెండున్నర కిలోమీటర్లకు పైనే అని తొమ్మిదో తరగతి పిల్లలే లెక్క తేలుస్తారు. భద్రాచలం నుంచి ధవళేశ్వరం దాకా వరద వేగాన్నీ అదే పలక మీద, అదే సూత్రంతో కట్టమనండి. మొగల్లులో పుట్టిన పిల్లవాడు ఎంత దూరం వెళ్లాడో అప్పుడు మాస్టార్లు చెబితే పిల్లలు శ్రద్ధగా వింటారు.

నా దగ్గర మూడు పలకలున్నాయి. ఉత్సవం రోజున తెచ్చి ల్యాబులో ఇస్తాను.

గురువులందరికీ నమస్కారాలతో,
1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి